ట్రాక్టరుకి నాగలి తగిలించిన హ్యారీ ఫెర్గూసన్

పిల్లలూ, మీలో చాలామంది సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరో, నానమ్మ వాళ్ళ ఊరో వెళ్ళే ఉంటారు. అక్కడ ట్రాక్టరెక్కి స్టీరింగ్ పట్టుకుని ఫోటో కూడా దిగి ఉంటారు. ట్రాక్టరంటే అందరం ముందువైపే చూస్తాం. పెద్ద ఇంజను, పొగగొట్టం, పైన కంపెనీ పేరు. ఈ పాఠంలో మాత్రం మనం వెనక్కి వెళ్ళి చూద్దాం.

ట్రాక్టరు వెనక, రెండు పెద్ద చక్రాల మధ్యలో, కిందుగా రెండు ఇనప చేతులు ఉంటాయి. వాటికి పైన, సరిగ్గా మధ్యలో, ఇంకొక పొట్టి చెయ్యి ఉంటుంది. మొత్తం మూడు. నాగలైనా, గొర్రైనా, రోటవేటరైనా ఆ మూడు చేతులకే తగిలిస్తారు. డ్రైవరు సీటు దిగకుండా, పక్కనున్న చిన్న మీటని కొంచెం కదిపితే చాలు, వెనకున్న అంత బరువూ గాల్లోకి లేస్తుంది. మళ్ళీ కదిపితే మెల్లగా నేల మీదకి దిగుతుంది. మన ఊళ్ళలో ఇది రోజూ చూసేదే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ వందేళ్ళ కిందట ఇలాంటిది ఎక్కడా లేదు. దీని కోసం సగం జీవితం ఖర్చుపెట్టిన మనిషి పేరు హ్యారీ ఫెర్గూసన్.

పేరు గురించి ఒక మాట. ఆయన పుట్టిన దేశంలో ఆ పేరుని ఫర్గసన్ అని పలుకుతారు. మన రైతులు ఫెర్గూసన్ అంటారు. మనం మన రైతులు పిలిచినట్టే పిలుద్దాం.

హ్యారీ 1884 నవంబరు 4న ఐర్లండ్‌లో, డౌన్ అనే జిల్లాలో, హిల్స్‌బరో దగ్గర గ్రోవెల్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. ఇప్పుడు ఆ ప్రాంతం ఉత్తర ఐర్లండ్‌లో ఉంది. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. పదకొండు మంది పిల్లల్లో హ్యారీ నాలుగోవాడు. తండ్రి చాలా కట్టుదిట్టమైన మనిషి, భక్తి ఎక్కువ. ఇంట్లో పిల్లలందరూ పొలం పని చెయ్యాల్సిందే.

ఇక్కడే తమాషా ఉంది చూడండి. ప్రపంచంలో రైతులందరి పనీ మార్చేసిన ఈ మనిషికి చిన్నప్పుడు పొలం పనంటే అస్సలు ఇష్టం లేదు! సన్నగా, పొట్టిగా ఉండేవాడు. గుర్రాల వెనక నాగలి పట్టుకుని రోజంతా బురదలో నడవటం అతని వల్ల అయ్యేది కాదు. నాగలి పట్టుకోవటం అంటే ఊరికే వెనక నడవటం కాదు పిల్లలూ. నాగలికి చివర మట్టిలో దిగే ఇనప మొనని కర్రు అంటారు. చేత్తో పట్టుకునే భాగాన్ని మేడి అంటారు. కర్రు ఎక్కువ లోతుకి దిగకుండా, పైకి తేలిపోకుండా, మేడి మీద చేతుల బరువు వేస్తూ, తీస్తూ ఉండాలి. నాగలి వెళ్ళిన గీతని చాలు అంటారు. చాలు వంకర పోకూడదు. ఇదంతా చేతులకి తెలియాలి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1902లో హ్యారీ ఇల్లు వదిలి బెల్‌ఫాస్ట్ నగరానికి వచ్చేశాడు. అక్కడ అన్న జో సైకిళ్ళు, కార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. అందులో చేరాడు. ఇంజన్ల దగ్గర అతనికి ప్రాణం లేచొచ్చింది. శబ్దం విని లోపం ఎక్కడుందో చెప్పేవాడట. షాపుకి పేరు రావాలని మోటారు సైకిలు పందేలకీ, కారు పందేలకీ వెళ్ళేవాడు. అంతటితో ఆగలేదు. అప్పటికి అమెరికాలో రైట్ సోదరులు విమానం ఎగరేసి కొద్ది ఏళ్ళే అయింది. హ్యారీ తానూ ఒక విమానం తయారు చేస్తానన్నాడు. చేశాడు కూడా. 1909 డిసెంబరు 31న, గాలి బాగా వీస్తున్న రోజున, హిల్స్‌బరోలో ఆ విమానాన్ని సుమారు 130 గజాల దూరం ఎగరేశాడు. ఐర్లండ్ గడ్డ మీద ఎగిరిన మొదటి విమానం అదే. మరుసటి ఏడాది సముద్రపు ఒడ్డున మూడు మైళ్ళ దాకా ఎగిరి 100 పౌండ్ల బహుమతి కూడా గెలిచాడు.

నాకు ఈ మనిషిలో నచ్చేది ఇదే. పొలం పని రాదని ఇల్లు వదిలి వచ్చినవాడు ఆకాశంలోకి వెళ్ళాడు. మళ్ళీ అక్కడి నుంచి నేరుగా పొలంలోకే దిగాడు.

అదెలాగో చెప్తాను. 1911లో ఆయన బెల్‌ఫాస్ట్‌లో సొంత షాపు పెట్టుకున్నాడు. 1913లో మోరీన్ వాట్సన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఓడల మీద తిండిగింజలు రావటం కష్టమైపోయింది. గుర్రాలు, మనుషులు యుద్ధానికి వెళ్ళిపోయారు. ఉన్న భూమంతా దున్నాలి, దున్నేవాళ్ళు లేరు. అప్పుడు ప్రభుత్వం 1917లో ఐర్లండ్‌లోని ట్రాక్టర్లు సరిగ్గా పనిచేసేలా చూడమని ఫెర్గూసన్‌ని అడిగింది. ఆయన తన దగ్గర పనిచేసే విల్లీ శాండ్స్‌ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగాడు. ఈ శాండ్స్ పేరు చాలా పుస్తకాల్లో ఒక మూల ఉంటుంది. నిజానికి ఫెర్గూసన్ బుర్రలో ఆలోచన వస్తే దాన్ని ఇనుములోకి దించింది చాలాసార్లు శాండ్సే.

ఊరూరా తిరుగుతూ వాళ్ళిద్దరూ చూసిందేమిటంటే, ట్రాక్టర్లు బాగానే ఉన్నాయి. వాటి వెనకున్నవే బాగాలేవు.

అప్పట్లో నాగలిని ట్రాక్టరుకి గొలుసుతోనో, ఒక కొక్కెంతోనో కట్టి ఈడ్పించేవాళ్ళు. అంటే గుర్రాన్ని తీసేసి, దాని చోట ట్రాక్టరుని పెట్టారు, అంతే. నాగలికి సొంత చక్రాలు ఉండేవి, అది చాలా బరువు. నాగలిని ఎత్తాలంటే వెనక ఇంకొక మనిషి కావాలి, లేదా డ్రైవరు సీటు నుంచి వెనక్కి వంగి తాడు లాగాలి. చిన్న పొలాల్లో మలుపు తిరగటమే గగనం. ఇవన్నీ కష్టాలు. అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది.

దున్నుతుండగా నాగలి మట్టిలో ఒక పెద్ద రాయికి తగులుకుందనుకోండి. నాగలి ఆగిపోతుంది. ట్రాక్టరు మాత్రం ఆగదు. వెనక చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. ముందుకి వెళ్ళటానికి దారి లేక, ట్రాక్టరు ముందు భాగం పైకి లేస్తుంది. ఒక్క క్షణంలో మొత్తం వెనక్కి తిరగబడుతుంది. డ్రైవరు కింద ఉంటాడు. అలా చాలామంది రైతులు చనిపోయారు. దున్నటానికి కొన్న యంత్రం మనిషినే తీసుకెళ్తుంటే, ఇంకెవరు ధైర్యం చేసి కొంటారు?

ఫెర్గూసన్ ఆలోచన చాలా సూటిగా ఉంది. నాగలీ ట్రాక్టరూ వేరువేరు వస్తువులుగా ఉండకూడదు. రెండూ కలిసి ఒకే యంత్రం కావాలి. మొదట 1917లోనే చక్రాలు లేని తేలికైన నాగలి ఒకటి తయారు చేశాడు. దానికి బెల్‌ఫాస్ట్ నాగలి అని పేరొచ్చింది. తర్వాత ఫోర్డ్‌సన్ ట్రాక్టరుకి ఒకదాని పైన ఒకటిగా రెండు కడ్డీలతో నాగలిని తగిలించాడు. ఇప్పుడు రాయి తగిలినా ట్రాక్టరు ముందు భాగం లేవటానికి పై కడ్డీ ఒప్పుకోదు. ఎందుకంటే నాగలి ముందుకి తిరగబడబోతుంది, అప్పుడు పై కడ్డీ ట్రాక్టరుని ముందుకి నెడుతుంది, ముందు చక్రాలు నేలకి నొక్కుకుంటాయి. చూశారా, మనిషి ప్రాణం తీసే బలాన్నే మనిషిని కాపాడటానికి వాడుకున్నాడు.

రెండు కడ్డీలు చివరికి మూడయ్యాయి. కింద రెండు, పైన ఒకటి. కింది రెండూ లాగుతాయి, పైది నెడుతుంది.

అయితే ఇంకో చిక్కు మిగిలింది. చక్రాలు లేని నాగలి ఎంత లోతుకి దిగాలో ఎవరు చూస్తారు? ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను కదా, మేడి మీద రైతు చేతులు చేసే పని. గట్టి నేల వస్తే కొంచెం ఎత్తాలి, మెత్తటి నేల వస్తే కొంచెం దించాలి. ఆ చేతులు ఇప్పుడు లేవు. యంత్రానికే ఆ చేతులు పెట్టాలి. ఫెర్గూసన్, శాండ్స్, ఇంకో సహచరుడు ఆర్చీ గ్రీర్ దీని మీద ఏళ్ళ తరబడి కూర్చున్నారు. కరెంటుతో ప్రయత్నించారు. గేర్లతో ప్రయత్నించారు. చివరికి నూనె దగ్గర ఆగారు.

నూనెతో బరువెత్తటాన్ని హైడ్రాలిక్ అంటారు. దీన్ని మీరు ఇంట్లోనే చెయ్యొచ్చు. జ్వరం వచ్చినప్పుడు మందు పోసే సూది లేని సిరంజిలు రెండు తీసుకోండి, ఒకటి సన్నది, ఒకటి లావుది. రెంటి మధ్యా ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి, లోపల గాలి లేకుండా నీళ్ళు నింపండి. సన్న సిరంజిని నొక్కితే లావు సిరంజి పైకి లేస్తుంది. లావు సిరంజి మీద మీ తమ్ముడు గట్టిగా వేలు పెట్టినా మీరు సులువుగా గెలుస్తారు. ఎందుకంటే మీరు సన్న గొట్టంలో చాలా దూరం మెల్లగా నెడుతున్నారు, అటువైపు అది కొంచెం దూరమే, కానీ ఎక్కువ బలంతో కదులుతోంది. నీళ్ళు నలగవు, ఇరుక్కున్న చోటల్లా ఒకే ఒత్తిడి ఇస్తాయి. ఇది పాస్కల్ చెప్పిన సూత్రం. బి.ఎడ్.లో ప్రాక్టీసు క్లాసు చెప్పాల్సి వస్తే ఎక్కువమంది ఇదే పాఠం తీసుకునేవాళ్ళం, సిరంజిలు చవక కదా!

ట్రాక్టరులో సన్న సిరంజి బదులు ఇంజను తిప్పే చిన్న పంపు ఉంటుంది. లావు సిరంజి బదులు పెద్ద సిలిండరు ఉంటుంది. ఆ సిలిండరే వెనక చేతులని ఎత్తుతుంది. ఫెర్గూసన్ చేసిన గొప్ప పని ఏమిటంటే, పైనున్న మూడో చేతిని ఒక స్ప్రింగుకి ఆనించాడు. నేల గట్టిగా ఉంటే నాగలి ఎదురు తిరుగుతుంది, పై చెయ్యి స్ప్రింగుని నొక్కుతుంది. స్ప్రింగు కదిలి నూనె వాల్వుని కొంచెం తెరుస్తుంది, నాగలి కొంచెం లేస్తుంది. నేల మెత్తబడితే స్ప్రింగు వెనక్కి వస్తుంది, నాగలి దిగుతుంది. రైతు చేతులు చేసే పనే ఇది. 1920ల మధ్యలో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంకో చిన్న మార్పు కూడా పెద్ద తేడా తెచ్చింది. మొదట్లో పంపు నుంచి బయటికొచ్చే నూనెని అదుపు చేసేవాళ్ళు. నూనె ఊరికే తిరిగి తిరిగి వేడెక్కిపోయేది. వాల్వుని పంపులోకి నూనె వచ్చే వైపుకి మార్చేసరికి ఆ బాధ పోయింది.

ఇంత చేసినా కొనేవాడు కావాలి కదా. 1933లో ఆయన సొంతంగా ఒక ట్రాక్టరు తయారు చేయించాడు. దానికి నల్ల రంగు వేశారు కాబట్టి నల్ల ట్రాక్టరు అనే పేరు నిలిచిపోయింది. 1936లో డేవిడ్ బ్రౌన్ అనే గేర్ల కంపెనీ ఆయనతో కలిసి ట్రాక్టర్లు చెయ్యటం మొదలుపెట్టింది. ధర 224 పౌండ్లు, ఒక్కో పనిముట్టుకి 26 పౌండ్లు. మంచి బండే. కానీ రైతులు అప్పటికే ఉన్న చవక ట్రాక్టర్లనే కొనేవాళ్ళు. సుమారు 1,350 బళ్ళు మాత్రమే తయారయ్యాయి. భాగస్వాములిద్దరికీ మాటలు కుదరలేదు.

ఫెర్గూసన్‌తో మాటలు కుదరటం అంత తేలిక కాదు లెండి. పట్టుదల ఎక్కువ, శుభ్రం మరీ ఎక్కువ. వర్క్‌షాపులో ఒక స్పానరు తన చోటులో లేకపోయినా ఊరుకునేవాడు కాదు. తన మాటే నెగ్గాలి. తెలివైనవాళ్ళందరూ మంచివాళ్ళుగా, సౌమ్యంగా ఉంటారని నేను మీకు చెప్పను. అలా ఉండరు.

1938 అక్టోబరులో ఒక ట్రాక్టరుని ఓడలో వేసుకుని ఆయన అమెరికా వెళ్ళాడు. డెట్రాయిట్ దగ్గర డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ ఇంటి పొలంలో దున్ని చూపించాడు. హెన్రీ ఫోర్డ్ అంటే కార్ల ఫోర్డే. ఆయన కూడా రైతు ఇంట్లో పుట్టినవాడే, ఆయనకీ చిన్నప్పుడు పొలం పని నచ్చలేదు. దున్నటం అయ్యాక ఆరుబయట ఒక బల్ల వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. ఫెర్గూసన్ తనతో తెచ్చిన స్ప్రింగు బొమ్మ ట్రాక్టరుతో, మూడు చేతులూ ఎలా పనిచేస్తాయో బల్ల మీదే చూపించాడు. ఫోర్డ్ ట్రాక్టర్లు తయారు చేస్తాడు, ఫెర్గూసన్ తన పద్ధతి ఇస్తాడు, అమ్ముతాడు. ఒప్పందం కుదిరింది. కాగితం లేదు, సంతకం లేదు. చేతులు కలుపుకున్నారు, అంతే.

మరుసటి ఏడాది, 1939 జూన్‌లో, ఫోర్డ్ ఫెర్గూసన్ ట్రాక్టరు బయటికి వచ్చింది. ఫెర్గూసన్‌కి ప్రదర్శనలంటే మహా సరదా. తాళ్ళు కట్టి ఒక గది అంత చోటు గీసి, ఆ బుల్లి మడిలో ట్రాక్టరుతో దున్ని, మూలమూలలూ వదలకుండా దున్ని, చివరికి చక్రాల గుర్తు కూడా కనపడకుండా బయటికి వచ్చేవాడు. నాగలి గాల్లోకి లేస్తుంది కాబట్టే అది సాధ్యం. ఆ రకం ట్రాక్టర్లు మూడు లక్షలకు పైగా తయారయ్యాయి.

తర్వాత హెన్రీ ఫోర్డ్ ముసలివాడైపోయాడు. కంపెనీ ఆయన మనవడి చేతికి వచ్చింది. తాతగారు చేతులు కలిపిన ఒప్పందం వల్ల కంపెనీకి నష్టం వస్తోందని మనవడు అనుకున్నాడు. 1946 చివర్లో, ఇక కలిసి చెయ్యబోమని ఫెర్గూసన్‌కి చెప్పేశారు. అంతవరకూ అయితే బాధే, కానీ దాంతో పాటు ఫోర్డ్ వాళ్ళు అదే మూడు చేతుల పద్ధతితో సొంతంగా కొత్త ట్రాక్టరు అమ్మటం మొదలుపెట్టారు. 1947లో హెన్రీ ఫోర్డ్ చనిపోయాడు. ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరిలో ఒక్కరే మిగిలారు.

కాగితం లేని ఒప్పందాన్ని కోర్టులో ఎలా చూపిస్తారు? అయినా ఫెర్గూసన్ వదల్లేదు. 1948 జనవరిలో 25 కోట్ల 10 లక్షల డాలర్లకి దావా వేశాడు. నాలుగేళ్ళకి పైగా నడిచింది. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకి రాజీ అయింది. ఆయన నూనె వాల్వు పద్ధతి లాంటివి కొన్ని ఇక వాడబోమని కూడా ఫోర్డ్ వాళ్ళు ఒప్పుకున్నారు. అడిగిన దానిలో ఆ సొమ్ము చాలా చిన్న భాగమే. గెలిచాడా, ఓడాడా? మీ తరగతిలో రెండు జట్లుగా విడిపోయి దీని మీద వాదించుకోండి, తెలుగులోనే సుమా.

కోర్టులో ఆ గొడవ నడుస్తుండగానే ఆయన ఇంగ్లండ్‌లో తన అన్నిటికన్నా మంచి బండిని తయారు చేయిస్తున్నాడు. కోవెంట్రీ నగరంలో, బ్యానర్ లేన్ అనే చోట, స్టాండర్డ్ మోటార్ కంపెనీ ఫ్యాక్టరీలో 1946లో మొదలైంది. దాని పేరు టీఈ20. బూడిద రంగులో చిన్నగా, ముద్దుగా ఉండేది. అందరూ ముద్దుగా బూడిద ఫెర్గీ అని పిలిచారు. 1956 దాకా 5 లక్షల 17 వేలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా బళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయి. మీలో ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు పల్లెటూరి సంతల్లో, పాత బళ్ళ ప్రదర్శనల్లో దాన్ని తప్పకుండా చూస్తారు.

అలా చూసినప్పుడు దాని యజమాని నాగలి తగిలిస్తుంటే దూరంగా నిలబడి గమనించండి. ముందు ట్రాక్టరుని నాగలికి నేరుగా, మెల్లగా వెనక్కి తెస్తారు. కింది ఎడమ చేతిని మొదట తగిలిస్తారు. అది పొడవు మారదు కాబట్టి ముందు దాని పని అయిపోవాలి. పిన్ను దూర్చి, అది జారిపోకుండా చిన్న రింగు పిన్ను పెడతారు. తర్వాత కుడి చెయ్యి. దానికి తిప్పే పిడి ఒకటి ఉంటుంది, దాంతో చేతిని పైకీ కిందకీ జరిపి రంధ్రానికి సరిచేస్తారు. ఆఖరున పై చెయ్యి. దాన్ని మరలాగా తిప్పి పొడవు తగ్గించవచ్చు, పెంచవచ్చు. మొత్తం ఒక నిమిషం పని. బలం అక్కర్లేదు, వరస తెలియాలి. వరస తప్పితే మాత్రం ఇనుముతో కుస్తీ పట్టాల్సిందే.

ఈ పాత బండికి కొన్ని చాదస్తాలు ఉన్నాయి. దీని నూనె పంపు, వెనక తిరిగే ఇరుసుతో కలిసి తిరుగుతుంది. ఆ ఇరుసు మీట వెయ్యకపోతే పంపు తిరగదు. క్లచ్ తొక్కినా పంపు ఆగిపోతుంది. కొత్తవాళ్ళు క్లచ్ తొక్కి పట్టుకుని, మీట ఎత్తి, నాగలి లేవటం లేదే, బండి పాడైపోయిందా అని కంగారు పడతారు. కాలు తీస్తే చాలు. ఇంకోటి, గేరు బాక్సులో ఉన్న నూనే హైడ్రాలిక్‌కీ నూనె. వేరే డబ్బా లేదు. నూనె తగ్గినా, మురికి పట్టినా రెండూ దెబ్బతింటాయి.

వెనక ఎత్తే తొట్టి బండి లాంటివి తగిలించాలంటే నూనె బయటికి వెళ్ళే గొట్టం కూడా కలపాలి. అలాంటి తొట్టి బళ్ళని ఫెర్గూసన్ కంపెనీయే అమ్మింది. పాత చిన్న ట్రాక్టరు నుంచి అలా ఒకే దారిలో నూనె వెళ్తుంది. నూనె తొట్టిని పైకి నెడుతుంది, దిగేటప్పుడు తొట్టి తన బరువుతో తానే దిగి నూనెని వెనక్కి పంపుతుంది. ఈ కాలం పనిముట్లలో చాలావాటికి రెండు గొట్టాలు ఉంటాయి, ఒకటి ఎత్తటానికి, ఒకటి దించటానికి. వాటిని ఈ పాత బండికి నేరుగా కలిపితే పనిచెయ్యవు. మధ్యలో వేరే వాల్వు పెట్టాలి. ఇక గొట్టం కలపాలన్నా, తీయాలన్నా పెద్దవాళ్ళు చేసే మొదటి పని ఎత్తి ఉన్నదాన్ని నేలకి దించి, ఇంజను ఆపటం. ఆపాక మీట అటూ ఇటూ కదిపి గొట్టంలో మిగిలిన ఒత్తిడి తీసేస్తారు. తర్వాత రెండు కొసలూ గుడ్డతో తుడుస్తారు. ఒక్క ఇసక రేణువు లోపలికి పోయినా వాల్వు గీసుకుపోతుంది. నూనె ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడటం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. సన్న రంధ్రం నుంచి చిమ్మే నూనె చర్మాన్ని దూసుకుపోతుంది. ఎత్తి ఉన్న పనిముట్టు కిందకి ఎవరూ దూరకూడదు, పిల్లలు అసలు దూరకూడదు.

ఫెర్గూసన్ ఇవన్నీ ముందే ఆలోచించినవాడు. ట్రాక్టరుతో పాటు ఆయన ఇచ్చే స్పానరు మీద అంగుళాల గీతలు ఉండేవి. అదే కొలబద్ద, అదే స్పానరు. డీజిలో పెట్రోలో ట్యాంకులో ఎంతుందో చూడటానికి కూడా దాన్నే ముంచేవాళ్ళు.

1953లో ఆయన తన కంపెనీని మాస్సీ హ్యారిస్ అనే కెనడా కంపెనీతో కలిపేశాడు. అప్పుడు ఒక సరదా సంగతి జరిగింది. అంతా మాట్లాడుకున్నాక పది లక్షల డాలర్ల దగ్గర తేడా వచ్చింది. వాళ్ళు అంత తక్కువ అంటారు, ఈయన అంత ఎక్కువ అంటాడు. చివరికి ఫెర్గూసన్ నాణెం ఎగరేద్దామన్నాడు. ఇంగ్లండ్‌లో బ్రాడ్‌వే అనే ఊరి దగ్గర రోడ్డు పక్కన నిలబడి ఎగరేశారు. ఫెర్గూసన్ ఓడిపోయాడు. నాలుగేళ్ళు కోర్టులో పోరాడిన మనిషి, పది లక్షల డాలర్లు పోతే చిరునవ్వుతో వదిలేశాడు. నాకైతే ఈ రెండింటిలో వైరుధ్యం కనపడదు. ఒకటి మాట తప్పినందుకు, ఇంకొకటి ఆటలో ఓడినందుకు. కలిసిన కంపెనీకే తర్వాత మాస్సీ ఫెర్గూసన్ అనే పేరు వచ్చింది.

1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ దక్షిణ ధ్రువం చేరాడు. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీయే. ఆయన వెళ్ళింది మూడు బూడిద ఫెర్గీల మీద! చక్రాలకి మంచులో దిగబడకుండా పట్టాలు తొడిగారు. నేల మీద ప్రయాణం చేసి దక్షిణ ధ్రువం చేరిన మొదటి మోటారు బళ్ళు అవే. ఐర్లండ్ చిన్న రైతుల కోసం చేసిన బండి అది.

ఆఖరి సంవత్సరాల్లో ఫెర్గూసన్ నాలుగు చక్రాలకీ బలం అందే కార్ల మీద పనిచేశాడు. కానీ మనసు బాగుండేది కాదు. దిగులు, నిద్ర పట్టకపోవటం చాలా కాలంగా ఆయన్ని బాధపెట్టాయి. 1960 అక్టోబరు 25న, ఇంగ్లండ్‌లో స్టో ఆన్ ద వోల్డ్ దగ్గర తన ఇంట్లో చనిపోయాడు. ఆయనకి 75 ఏళ్ళు. ఒక్కతే కూతురు, పేరు బెట్టీ. ఉత్తర ఐర్లండ్‌లో ఒక బ్యాంకు అచ్చువేసిన 20 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది.

అదే 1960లో మద్రాసులో టాఫే అనే కంపెనీ మొదలైంది. మాస్సీ ఫెర్గూసన్‌తో కలిసి ఇండియాలో ట్రాక్టర్లు తయారు చెయ్యటానికి పెట్టిన కంపెనీ అది. అక్కడి నుంచి ఎర్ర ట్రాక్టర్లు గుంటూరుకీ, గోదావరి జిల్లాలకీ, నల్గొండకీ, కర్నూలుకీ వచ్చాయి. మాగాణి పొలంలో నీళ్ళు పెట్టి బురద చేసి కలియదున్నటాన్ని దమ్ము చెయ్యటం అంటారు. ఎడ్లతో రోజులు పట్టే దమ్ము పని గంటల్లోకి వచ్చింది. మా నాన్నగారి ఊళ్ళో ఇప్పటికీ పెద్దవాళ్ళు ఏ కంపెనీ ట్రాక్టరునైనా మాస్సీ అనే అంటారు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు, ఇంజను ఆపి ఉన్నప్పుడు, డ్రైవరు మావయ్యని అడిగి ట్రాక్టరు వెనక్కి వెళ్ళండి. మూడు చేతులూ ఎక్కడున్నాయో చూడండి. పై చేతిని మీ ఊళ్ళో ఏమంటారో, పిన్నుని ఏమంటారో, ఎత్తే మీటని ఏమంటారో అడిగి మీ నోటు పుస్తకంలో రాసుకుని రండి. ఊరూరికీ మాట మారుతుంది. తూర్పుగోదావరి పిల్లలు రాసిందీ, మహబూబ్‌నగర్ పిల్లలు రాసిందీ పక్కపక్కన పెట్టి వచ్చే తరగతిలో చూద్దాం.